కేంద్ర కార్మిక మంత్రి గారికి: నా రెండో ఉద్యోగంలో కట్ చేసిన అయిదేళ్ల పీఎఫ్ ఎక్కడికి పోయింది?

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

2007 ఫిబ్రవరి నుంచి 2012 మార్చి దాకా నా జీతంలోంచి నెలనెలా పీఎఫ్ కింద 780 రూపాయలు కట్ చేశారు. ఆ డబ్బు ఇవాళ మీ శాఖ కంప్యూటర్లో ఎక్కడా కనిపించడం లేదు. అదేమైందో చెప్పమని పీఎఫ్ ఆఫీసులో అర్జీలు ఇచ్చాను. ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు పెట్టాను. ప్రతి నెలా 27న పీఎఫ్ ఆఫీసు వాళ్లు ఫిర్యాదులు వినడానికి పెట్టే ‘నిధి ఆప్‌కే నికట్’ శిబిరానికి కాగితాల సంచి పట్టుకుని వెళ్లాను. కేంద్రం వారి ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లోనూ రాశాను. ఎక్కడా సరైన జవాబు రాలేదు కాబట్టే ఇప్పుడు నలుగురూ చూసేలా మీకు రాస్తున్నాను.

పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను పథకం ఈపీఎస్-95 నియమాలు మీకు నేను చెప్పేదేముంది? పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలనెలా పింఛను. లేకపోతే ఫారం 10సీ పెట్టుకుని, ఇచ్చినంత తీసుకుని ఇంటికి పోవాలి. నాకు త్వరలో 58 నిండుతాయి. మీ లెక్కలో నా సర్వీసు తొమ్మిదేళ్లు. అసలు నేను పని చేసింది పధ్నాలుగేళ్లు.

నేను ఫిట్టర్ని. మొదటి ఉద్యోగం బాలానగర్‌లో, మూడున్నరేళ్లు. అది మానేసినప్పుడు పింఛను డబ్బు తీసుకోకుండా, ఆ సర్వీసు తర్వాతి దానితో కలిసేలా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. తర్వాత కొన్నేళ్లు మస్కట్‌లో పని చేశాను. తిరిగి వచ్చాక జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో చేరాను. అదే రెండో ఉద్యోగం, 2013 ఆగస్టు దాకా ఆరున్నరేళ్లు. ఆ తర్వాత మూడోచోట నాలుగేళ్లు చేశాను. 2018లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటినుంచి మోటార్ల రిపేర్లూ, చిల్లర పనులూ చేసుకుంటున్నాను, వాటికి పీఎఫ్ ఏముంటుంది? మొదటిదానికీ మూడోదానికీ లెక్క సరిగ్గానే ఉంది. గొడవంతా రెండోదానితోనే.

ఆ కంపెనీ నంబరు కింద నా పాస్‌బుక్ తెరిస్తే, 2012 ఏప్రిల్ నుంచి 2013 ఆగస్టు దాకా జమలు కనిపిస్తాయి. అంటే ఈసీఆర్ అనే ఆన్‌లైన్ లెక్క వచ్చి, కంపెనీలు ప్రతి నెలా కంప్యూటర్లో పేర్లు ఎక్కించడం మొదలైన నాటినుంచి. నేను చేరిన తేదీ కూడా 2012 ఏప్రిల్ 1 అనే రాసి ఉంది. అంతకు ముందు అయిదేళ్లు నేను అక్కడ లేనట్టే! కానీ 2007 జీతం చీటీ మీద అచ్చయిన పీఎఫ్ నంబరూ, 2012 తర్వాత పాస్‌బుక్‌లో ఉన్న నంబరూ ఒక్కటే. ఒక్క అంకె కూడా తేడా లేదు. 2012లో కొత్తగా చేరినవాడి నంబరు 2007 చీటీ మీదకు ఎలా వస్తుంది? ఈ ప్రశ్న కౌంటర్ దగ్గర అడిగాను. లోపల సారు గారిని అడిగాను. రాసి కూడా ఇచ్చాను. ఎవరూ ఇది తప్పని అనలేదు, జవాబూ చెప్పలేదు.

వాళ్లు చెప్పేది ఒకటే మాట. ఎవరి పేరున ఎంత కట్టారో కంపెనీ ఏటా రాసిచ్చే ఫారం 3ఏ, 6ఏ ఆ సంవత్సరాలవి తమ దగ్గర దొరకడం లేదు కాబట్టి కంపెనీనుంచి తెచ్చుకోమంటారు. లేదా కార్మికుడూ యజమానీ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ మీద యజమాని సంతకం పెట్టించుకు రమ్మంటారు. ఆ 3ఏ కాగితం కంపెనీ పీఎఫ్ ఆఫీసుకు పంపాల్సింది సార్. కార్మికుడి చేతికి ఇచ్చేది కాదు. కంపెనీ కట్టిందో లేదో ఏటేటా చూసుకోవాల్సిన ఆఫీసు, పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ కాగితం ఏదని నన్ను అడుగుతోంది.

కంపెనీ దగ్గరికి పోతే ఇంకో కథ. 2013 తర్వాత దాన్ని వేరేవాళ్లు కొన్నారు. పేరు మారింది, గేటు రంగు మారింది. కొత్త యాజమాన్యం వాళ్లు ప్లాంటు మాత్రమే కొన్నామనీ, పాత రికార్డులతో తమకు సంబంధం లేదనీ అంటున్నారు. పాత యజమాని ఎక్కడున్నాడో సెక్యూరిటీ వాళ్లకు కూడా తెలియదు. కంపెనీ చేతులు మారితే పాత బాకీకి అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ బాధ్యులేనని 1952 పీఎఫ్ చట్టం 17బీ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు. ఆ సెక్షన్ చూపించి కొత్తవాళ్లను అడగగలిగేది మీ అధికారులు. గేటు లోపలికి కూడా రానివ్వని నేను కాదు.

నా దగ్గర ఏ రుజువులు ఉన్నాయో కూడా చెబుతాను. అన్ని నెలలవీ లేకపోయినా, ప్రతి సంవత్సరానివీ కొన్ని జీతం చీటీలు దాచాను. వాటిలో పీఎఫ్ కోత ఉంది, ఈఎస్ఐ కోత ఉంది. జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ ఉంది. 2007 తేదీతో నియామకం ఉత్తరం ఉంది. అన్నిటికంటే గట్టిది నా ఈఎస్ఐ కార్డు. ఆ అయిదేళ్లూ అదే కంపెనీ నా పేరు మీద ఈఎస్ఐ కట్టింది. నా వాటా అప్పట్లో 1.75 శాతం. మా ఆవిడకు ఆపరేషన్ జరిగింది ఆ కార్డు మీదనే. ఈఎస్ఐ మీ శాఖ కిందే ఉంది, పీఎఫ్ మీ శాఖ కిందే ఉంది. ఒక ఆఫీసు నన్ను కార్మికుడని ఒప్పుకుని వైద్యం చేయించింది. ఇంకో ఆఫీసు అదే కాలానికి నేనెవరో తెలియదంటోంది. ఈ రెండు ఆఫీసుల రికార్డులు పక్కపక్కన పెట్టి చూడడానికి నా సంతకం కావాలా, యజమాని సంతకం కావాలా? మీ ఒక్క ఆదేశం చాలదా?

అప్పట్లోనే ఎందుకు చూసుకోలేదని కౌంటర్‌లో ఒకాయన అన్నాడు. ఆ మాటకు చాలా బాధపడ్డాను. 2007లో కార్మికుడికి ఏం కనిపించేది సార్? ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, యూఏఎన్, వచ్చింది 2014లో. ఫోనుకు మెసేజ్ లేదు, ఆన్‌లైన్ పాస్‌బుక్ లేదు. ఏడాదికోసారి వచ్చే పీఎఫ్ స్లిప్పు కూడా కంపెనీ ద్వారానే చేతికి రావాలి. స్లిప్పు అడిగినవాడికి మర్నాటినుంచి నైట్ షిఫ్టు వేసేవాళ్లు. మా షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే ఇది. కట్టాల్సినవాడే కట్టానని చెప్పే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు చేసింది ప్రభుత్వం. దాని భారం ఇప్పుడు మా నెత్తిన వేస్తున్నారు.

ఆన్‌లైన్ ఫిర్యాదుల సంగతీ చెప్పాలి. ఫిర్యాదు పెట్టిన కొన్నాళ్లకు “మీ ఫిర్యాదు పరిష్కరించబడింది” అని మెసేజ్ వస్తుంది. ఆశతో తెరిచి చూస్తే “మీ యజమానిని సంప్రదించండి” అని ఒక్క వాక్యం. మళ్లీ పెడితే మళ్లీ అదే వాక్యం. పోర్టల్‌లో అది పరిష్కారమైన ఫిర్యాదుల లెక్కలోకే పోతుంది. మీ ముందుకు వచ్చే నివేదికల్లో నా కేసు కూడా పరిష్కారమైనట్టే ఉండి ఉంటుంది. దయచేసి ఆ లెక్క నమ్మకండి సార్.

మీ హయాంలో మంచి మార్పులు వచ్చాయి, కాదనను. 2017 అక్టోబరు తర్వాత యూఏఎన్ తీసుకున్నవాళ్లు పేరూ, పుట్టిన తేదీ లాంటివి యజమాని సంతకం లేకుండానే సరిచేసుకోవచ్చంటున్నారు. పీఎఫ్ డబ్బు ఏటీఎంలో తీసుకునే రోజులు వస్తాయని మీరే చెప్పారు. సంతోషమే. కానీ ఈ సౌకర్యాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కినవాళ్లకే. కాగితాల కాలంలో పని చేసినవాళ్లం, ఇప్పుడు 58 దగ్గర పడ్డవాళ్లం, మాకు ఒక్కటీ లేదు. కంప్యూటర్లో లేని డబ్బు ఏ ఏటీఎంలో వస్తుంది?

దీనికి తోడు కొత్త భయం ఒకటి పట్టుకుంది. సామాజిక భద్రత కోడ్, 2020లో బాకీ పడ్డ అయిదేళ్ల తర్వాత విచారణ మొదలుపెట్టరాదని రాశారు. నా డబ్బు బాకీ పడి అయిదేళ్లు ఎప్పుడో దాటాయి. రేపు ఎవరైనా అధికారి ఆ మాట చూపించి ఫైలు మూసేస్తే నేను ఎవరికి చెప్పుకోవాలి? మేం చూడగలిగే వీలు కూడా లేని రోజుల్లో ఎగ్గొట్టిన డబ్బుకు గడువు పెడితే, ఎగ్గొట్టినవాడికి క్షమాభిక్ష పెట్టినట్టు కాదా? కార్మికుడి జీతంలో పట్టుకుని జమ చేయకపోతే అది నమ్మకద్రోహం కింద నేరమని భారత శిక్షాస్మృతిలోనే ఉండేది. ఆ నేరానికి ఇంతవరకూ శిక్ష పడింది నాకొక్కడికే.

నేను అడిగే పింఛను పెద్దదేం కాదు. పాత సర్వీసుకు 6500 జీతం పరిమితి మీద, తర్వాతి దానికి 15000 మీద లెక్క కడితే, పధ్నాలుగేళ్లకూ కలిపి నెలకు రెండు వేలు కూడా దాటదు. అది మా బీపీ, షుగర్ మందులకు సరిపోతుంది. నా తర్వాత అందులో సగం మా ఆవిడకు వస్తుంది. ఆమె పేరు మీద వేరే ఆధారం ఏదీ లేదు. ఇదే నా అసలు టెన్షన్. నాతోపాటు అదే షెడ్డులో పని చేసిన ఒకాయన ఈ సంగతి తేలకుండానే పోయాడు. ఆయన భార్య ఇప్పుడు ఇళ్లలో పని చేసుకుంటోంది. ఆమెకు ఫారం నంబర్లు తెలియవు, కంపెనీ బాకీ తేల్చే 7ఏ విచారణ అంటే ఏమిటో తెలియదు. ఆమెను కూడా యజమాని సంతకం తెమ్మంటారా?

నేను కోరేది ఇదే. జీతంలో కట్ చేసినట్టు చీటీలో ఉంటే, అదే కాలానికి ఈఎస్ఐ రికార్డు ఉంటే, ఆ సర్వీసును పింఛనుకు లెక్కించండి. కంపెనీ దగ్గర ఆ డబ్బు వసూలు చేసుకోవడం, జరిమానా వేయడం, వడ్డీ రాబట్టడం మీ శాఖ పని. దానికి చట్టం మీకు అన్ని అధికారాలూ ఇచ్చింది. నాకు ఇచ్చింది ఒక ఫిర్యాదు నంబరు మాత్రమే. 2012కు ముందు పాత 3ఏ, 6ఏ కాగితాలు మీ రికార్డు గదుల్లో ఎక్కడున్నా వెతికించండి. నిజంగా లేవంటే, లేవని సంతకం పెట్టి రాసి ఇప్పించండి. ఆ ఒక్క ముక్క రాసివ్వడానికి కూడా ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు. ఈఎస్ఐ రికార్డుతో సరిపోల్చి చూడమని మీరు ఆదేశిస్తే, నాలాంటివాళ్ల కేసులు చాలావరకు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం. అయిదేళ్ల గడువు ఇలాంటి పాత బాకీలకు వర్తించదని కూడా చెప్పండి.

మళ్లీ అడుగుతున్నాను సార్, దయచేసి ఈ ఉత్తరాన్ని కూడా కింది ఆఫీసుకు పంపి “యజమానిని సంప్రదించండి” అనిపించకండి. నా కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడు, ఎక్కడికి రమ్మన్నా తీసుకొస్తాను. 58 నిండగానే ఫారం పెట్టుకోవాలి. నా సర్వీసు పధ్నాలుగేళ్లని పింఛను ఫారం 10డీ పెట్టాలో, తొమ్మిదేనని 10సీ పెట్టాలో ఆలోపు మీరే తేల్చి చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మాజీ ఫ్యాక్టరీ కార్మికుడు,
హైదరాబాద్