క్యాన్సర్ డాక్టర్లకు మాట్లాడటం కూడా నేర్పించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫలానా ఊళ్ళో క్యాన్సర్ ఆస్పత్రి కడుతున్నారన్నా, కొత్త రేడియేషన్ మెషీన్ తెప్పిస్తున్నారన్నా ఆ వార్త వదలకుండా చదువుతాను. మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. భవనాల గురించి, మందుల ధరల గురించి చాలా చదివాను గానీ, జబ్బు సంగతి పేషెంట్‌కు ఎలా చెప్పాలో డాక్టర్‌కు ఎవరు నేర్పుతున్నారన్న మాట ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మూడేళ్ళ కిందట అమ్మ పెద్దపేగు క్యాన్సర్ రిపోర్టులు పట్టుకుని ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. మా టోకెన్ నంబరు 74. పిలిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గదిలో పేషెంట్‌కని ఒకటే కుర్చీ. అమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. డాక్టర్ గారు చిన్నవయసు వాడే. కంప్యూటర్‌లో పెట్ స్కాన్ చూసి, అమ్మ తలమీదుగా నావైపు చూస్తూ ఇంగ్లీషులో రెండు ముక్కలన్నారు: లివర్‌కు పాకింది, ఇక పాలియేటివ్ కీమోనే. ఆ మధ్యలో ఆయన ఫోన్ రెండుసార్లు మోగింది. అమ్మ ఆయన మొహం చూడలేదు, నా మొహమే చూస్తోంది. బయటికొచ్చాక అడిగింది, "ఏమంటున్నారే?" అని. "ఏం లేదమ్మా, మందులు వాడితే తగ్గుద్దంట" అన్నాను.

పాలియేటివ్ అంటే ఏమిటో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ రాత్రి లాడ్జిలో అమ్మ నిద్రపోయాక ఫోన్‌లో వెతికి చూసుకున్నాను. అంటే జబ్బు నయం చేసే కీమో కాదు, బాధ తగ్గించి కొన్నాళ్ళు నిలబెట్టే కీమో అని ఒక ఫోన్ స్క్రీన్ నాకు చెప్పింది. కార్డు మీద వైద్యం అందింది, మందులకు లోటు రాలేదు. ఆ ఒక్క మాట తెలుగులో చెప్పేవాళ్ళు దొరకలేదు.

తర్వాత ఏడు నెలలు నేనాడిన అబద్ధాన్ని మోస్తూనే ఉన్నాను. అమ్మకు వాళ్ళ తమ్ముడింటికి, పుట్టిన ఊరికి వెళ్ళి సంక్రాంతి చేసుకోవాలని ఉండేది. "కీమో అయిపోయాక వెళ్దాంలే" అంటూ వాయిదా వేశాను. ఒళ్ళు బాగున్న ఆ సంక్రాంతి అలా దాటిపోయింది. ఆ తప్పు డాక్టర్ ఒక్కడి మీదే వేయను, నాదీ ఉంది. కానీ ఆ రోజు ఆ గదిలో ఎవరైనా అమ్మతో నేరుగా మాట్లాడి ఉంటే ఆ పండక్కి మేం బయల్దేరేవాళ్ళం.

చివర్లో నొప్పులు ఎక్కువై ఇంకో చోట చేర్పించాం. అక్కడి డాక్టర్ గారు వస్తూనే ఫోన్ నర్సు చేతికిచ్చి, కర్టెన్ లాగి, స్టూలు తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చున్నారు. "అమ్మా, మీ ఒంట్లో ఏం జరుగుతోందని అనుకుంటున్నారు?" అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న అమ్మను ఎవరూ అడగలేదు. అమ్మ కాసేపు దుప్పటి అంచు మడుస్తూ ఉండి, "రాచపుండేగా బాబూ?" అంది. వెంటనే ఆయన ఏమీ మాట్లాడలేదు. అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అన్నారు. అమ్మ అన్నీ అడిగింది. పది నిమిషాలు పట్టిందేమో. ఆ తర్వాతి శనివారమే కారు మాట్లాడుకుని మామయ్య ఇంటికి తీసుకెళ్ళాం.

ఆయన స్వతహాగా మంచి మనిషి అనుకుని దండం పెట్టబోయాను. "ఇది నాకూ వచ్చేది కాదమ్మా, ట్రైనింగ్‌లో నేర్చుకున్నాను" అన్నారు. సంపాదకుల వారూ, నేను చెప్పదలచుకున్నది ఆ మాటే. మొదటి డాక్టర్ చెడ్డవాడు కాదు, ఆయనకు నేర్పలేదు. కుట్లు వేయడం నేర్పకుండా ఎవరినీ ఆపరేషన్ థియేటర్‌లోకి పంపరు కదా.

దీనికి పద్ధతి ఏనాడో ఉంది. అమెరికాలో వాల్టర్ బెయిల్, కెనడాలో రాబర్ట్ బక్‌మన్ తదితర డాక్టర్లు 2000లో స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతిని ప్రచురించారు. ముందు ఏకాంతంగా, కుదురుగా కూర్చోవడం, పేషెంట్‌కు ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం, అప్పుడు తేలిక మాటల్లో చెప్పడం, వచ్చే ఏడుపుకో కోపానికో చోటివ్వడం, చివర్న ఇక ఏం చేద్దామో కలిసి అనుకోవడం. స్టూలు మీద కూర్చున్న ఆ డాక్టర్ గారు చేసింది అచ్చంగా ఇదే. బ్రిటన్‌లో లెస్లీ ఫాలోఫీల్డ్ బృందం 34 క్యాన్సర్ కేంద్రాల్లోని 160 మంది డాక్టర్లతో చేసిన పరిశోధన 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళు పేషెంట్లతో మాట్లాడేటప్పుడు వీడియో తీసి పోల్చి చూస్తే, మాట్లాడే తీరు నేర్పే మూడు రోజుల కోర్సు చేసిన వాళ్ళు పేషెంట్‌ను ఎక్కువగా అడుగుతున్నారు, బాధను ఎక్కువగా పట్టించుకుంటున్నారు. దీనివల్ల పేషెంట్ దిగులు ఎంత తగ్గుతుందన్నది ఇంకా గట్టిగా తేలలేదు, ఆ మాట దాచను. డాక్టర్ మాట్లాడే తీరు మాత్రం మారుతుంది.

మన దేశంలో అసలు లేదనను. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, కమ్యూనికేషన్ పాఠాలు పెట్టారు. సంతోషం. కానీ లెక్క వేసి చూడండి. ఆ బ్యాచ్ పిల్లవాడు హౌస్ సర్జన్సీ పూర్తిచేసి, మూడేళ్ళు ఎండీ, ఆపైన మూడేళ్ళు డీఎం చదివి కీమో రాసే డాక్టర్‌గా వచ్చేసరికి 2030 దాటుతుంది. 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వాళ్ళందరికీ ఇప్పుడున్న డాక్టర్లే కదా చెప్పాలి.

పైగా ఈ నేర్పేదేదో తెలుగులో జరగాలి. మన డాక్టర్లు చదివింది ఇంగ్లీషులో, చెప్పాల్సింది తెలుగులో. కీమో వార్డులో మా పక్క మంచం వాళ్ళు బయాప్సీ పాజిటివ్ వచ్చిందంటే, అంటే ముక్క పరీక్షలో క్యాన్సర్ తేలిందంటే, అంతా మంచే అనుకుని ఊరికి ఫోన్ చేసి చెప్పుకున్నారు. జబ్బు స్టేబుల్‌గా ఉందంటే, అంటే పెరగకుండా అలాగే ఉందంటే, తగ్గిపోయిందనుకున్నది మేమే. "రెస్పాన్స్ బాగుంది" అన్నప్పుడైతే, మందుకు గడ్డ కాస్త తగ్గిందనే గానీ నయమైందని కాదని తెలియక, నేను గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఈ మాటలకు మన ఇళ్ళలో ఏ అర్థం పలుకుతుందో డాక్టర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. "పేషెంట్‌కు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ" అని వరండాలో చెయ్యి పట్టుకునే కొడుకులకు, కూతుళ్ళకు ఏం జవాబివ్వాలో కూడా ఇంగ్లండు పుస్తకంలో దొరకదు. నేనూ అలా పట్టుకున్నదాన్నే. "ఎందుకొద్దంటున్నారు, మీకేం భయం?" అని ఆ మొదటి డాక్టర్ గారు నన్ను అడిగి ఉంటే అక్కడే ఏడ్చేసి, సరే అనేదాన్ని.

టైమ్ ఎక్కడిదంటారు. ఓపీలో ఆ జనాన్ని చూశాను కాబట్టి ఆ మాట కొట్టిపారేయను. కానీ అర్థం కాక అదే సందేహంతో నేను మళ్ళీ మూడుసార్లు టోకెన్ తీసుకున్నాను, అవే రిపోర్టులతో ఇంకో రెండు ఆస్పత్రులు తిరిగాను. ఆ టైమూ డాక్టర్లదే. చావు కబుర్లు రోజూ చెప్పి చెప్పి వాళ్ళు మాత్రం ఎంత టెన్షన్ పడతారో, దానికీ సాయం కావాలి.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని అడుగుతున్నాను. క్యాన్సర్ పీజీ ప్రాక్టికల్ పరీక్షలో గడ్డ తడిమి చూడటానికి మార్కులున్నట్టే, జబ్బు కబురు తెలుగులో చెప్పడానికీ మార్కులు పెట్టండి. పేషెంట్లుగా నటించేవాళ్ళు కావాలంటే మా తెనాలి వైపు పరిషత్తు నాటకాలాడే నటులు ఎంతోమంది ఉన్నారు, కబురు పెడితే వస్తారు. ఇప్పటికే పనిచేస్తున్న డాక్టర్లకు, రాత్రంతా పేషెంట్ ప్రశ్నలకు జవాబు చెప్పే నర్సులకు మూడు రోజుల చొప్పున శిక్షణ ఇప్పించే బాధ్యత రెండు ప్రభుత్వాలూ తీసుకోవాలి. ఆస్పత్రుల వాళ్ళను అడిగేది ఇంకా చిన్నది: తలుపు వేసుకునే గది ఒకటి, అందులో పేషెంట్‌కు, వెంట వచ్చిన మనిషికి, డాక్టర్‌కు మూడు కుర్చీలు.

— ఒక పాఠకురాలు, తెనాలి