2024–25 వార్షిక నివేదిక: మన ప్రాథమిక పాఠశాల నిర్వహణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం బడిలో కొత్తగా కట్టించింది ఏమీ లేదు. ఫొటో తీసి గ్రూపులో పెట్టుకునే పని ఒక్కటీ జరగలేదని ముందే చెప్పేస్తున్నాం. 2019లో ప్రభుత్వం మొదలుపెట్టిన నాడు–నేడు పనుల్లో మన బడికి మరుగుదొడ్లు, కొళాయిలు, ఫ్యాన్లు వచ్చాయి. వాటిని పాడవకుండా చూసుకోవడమే ఈసారి మనం పెట్టుకున్న పని.

జూన్‌లో బడి తెరవకముందు రెండు ఆదివారాలు శ్రమదానం చేశాం. పిచ్చిమొక్కలు కొట్టించాం. వంటగది గోడకు ఆనించి ఉన్న తాటాకులు, ఎండు కంప ఎత్తించాం. "అవి అక్కడ ఎప్పట్నుంచో ఉన్నాయి కదా, ఇప్పుడేమైంది" అని కొందరు అడిగారు. 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి వంటగది నిప్పు పాకకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ప్రతి బడిలోనూ మంటలార్పే పరికరాలు ఉండాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. మన బడిలో మంటలార్పే సిలిండరుకు తేదీ దాటిపోయి ఉంటే మళ్లీ నింపించాం. దాని పిన్ను ఎలా లాగాలో వంట చేసే ఇద్దరికీ చూపించాం.

ఇక మరుగుదొడ్ల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రుల సమావేశాలు జరిగిన రోజు మన బడిలో ఒక తల్లి లేచి, "మా పిల్ల బళ్లో నీళ్లే తాగట్లేదండీ, తాగితే దొడ్డికి వెళ్లాల్సొస్తుందని" అంది. మాకు అర్థం కాలేదు. దొడ్లు శుభ్రంగానే ఉన్నాయి, నీళ్లూ వస్తున్నాయి. సోమవారం ఆడపిల్లల్ని కూర్చోబెట్టి అడిగితే తెలిసింది: లోపలి గడియ పెద్దవాళ్ల ఎత్తులో ఉంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అందదు. వేసుకోకపోతే సిగ్గు. ఎగిరి వేసుకుంటే మళ్లీ తీయలేమేమోనని భయం. పైగా ఆటకి ఎవరో ఒకరు బయటి గడియ పెట్టేస్తారట. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ మేం కొళాయి కారుతోందా, ఫినాయిలు వాసన వస్తోందా అని చూశాం గానీ, గడియ వైపు చూసినవాళ్లు లేరు. పనివాణ్ణి పిలిపించి లోపలి గడియలు పిల్లలకు అందేలా కిందికి దింపించి, బయటివి పీకించేశాం. ఒక్క పూట పని.

నీళ్ల ట్యాంకును నెలకోసారి కడిగిస్తున్నాం. బ్లీచింగ్ పౌడరు చేతికొచ్చినంత వేయకుండా, 1000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున తూచి పొట్లాలు కట్టి ఇచ్చాం. వేశాక గంటసేపు ఎవరూ తాగకూడదు. ఒక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. బాగా తెల్లబడతాయని మన కార్యవర్గ సభ్యుడే ఒకరు దొడ్లలో బ్లీచింగు మీద యాసిడ్ పోయించారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఆయా దగ్గి దగ్గి బయటికి పరుగెత్తింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. ఆ రోజు నుంచి యాసిడ్ సీసా బడి గేటు దాటడం లేదు.

ఖర్చుల పద్దు సర్వసభ్య సమావేశంలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెబుతాం. హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి ఫోన్ చేసిన సభ్యులు బడి ముందు ఆర్చి కట్టిస్తామన్నారు, పేర్లతో శిలాఫలకం వేయమన్నారు. సంతోషమే. కానీ ఫినాయిలుకు, చీపుళ్లకు, చేతులు కడుక్కునే సబ్బులకు ఇస్తామని ఒక్కరూ అనలేదు. ఆయా జీతం ఆలస్యమైన నెలల్లో కార్యవర్గం తలా కొంత వేసుకుని సర్దింది. ప్రతి ఏడూ ఇలా నడవదు. ఆర్చికి అనుకున్న డబ్బును బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఈ ఖర్చులు జరపాలని మా ప్రతిపాదన. ఒప్పుకోనివాళ్లు సమావేశానికి వచ్చి చెప్పండి.

మిగిలిపోయిన పని వెనక ప్రహరీ. పడిపోయిన ఆ మూల నుంచి పగలు గేదెలు, రాత్రి మందుబాబులు లోపలికి వస్తున్నారు. గాజుపెంకులు ఏరకుండా సోమవారం ప్రార్థన మొదలవడం లేదు. గోడ లేచేదాకా ఆదివారం రాత్రుళ్లు అటు ఒక చుట్టు తిరిగి రావడానికి నలుగురు కావాలి. ఇద్దరు పేర్లిచ్చారు.