అమ్మ పక్కన వచ్చి కూర్చున్న మేడమ్‌కు కృతజ్ఞతలు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత అమ్మకు ఇవ్వాల్సిన రేడియేషన్ పోయిన వారం పూర్తయింది. రక్తం ఇచ్చినవాళ్లకు, మానుకోట నుంచి హైదరాబాద్ దాకా వచ్చి చూసి వెళ్లినవాళ్లకు, రోజూ ఫోన్ చేసి అడిగినవాళ్లకు పేరుపేరునా నమస్కారాలు. ఈ పోస్టు మాత్రం ముఖ్యంగా ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా పనిచేసే మేడమ్ కోసం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఆపరేషన్ దాకా అమ్మ ధైర్యంగానే ఉంది. రేడియేషన్ మొదలైన కొద్ది రోజులకే "ఇగ నేను రాను, ఇంటికి తోల్కపో" అని మొండికేసింది. మా దగ్గర దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మిషన్ చూసి భయపడిందేమో అనుకున్నాం. మధ్యలో ఆపితే ఫలితం తగ్గుతుందని డాక్టరుగారు చెప్పి చూశారు. వినలేదు. బయట లైన్ చూస్తే ఇంకాసేపు మాట్లాడమని ఆయన్ని అడగడానికి మనకే మొహమాటం. చివరికి ఆయనే మమ్మల్ని మేడమ్ దగ్గరికి పంపించారు.

మేడమ్ నన్ను బయట కూర్చోమని, టేబుల్ అవతల నుంచి లేచొచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. రోగం మాట ఎత్తలేదట. ఇంటికాడ ఎవరెవరున్నారు, పొద్దున లేస్తే ఏం పని చేస్తావు, రాత్రి ఎక్కడ పడుకుంటావు అని అడిగారట. పడుకునే మాట రాగానే అమ్మ ఏడ్చేసింది. కరెంటు ఒంట్లోనే ఉంటుందని, దగ్గరికి తీస్తే పిల్లలకు మంచిది కాదని వార్డులో ఎవరో చెప్పారట! ఆదివారాలు ఇంటికి వెళ్లినప్పుడు మా పాపను ఎత్తుకోకుండా వసారాలో ఒక్కతే ఎందుకు పడుకునేదో అప్పుడు తెలిసింది. నీరసం అనుకున్నాం అందరం.

మేడమ్ ఓదార్చి పంపేయలేదు. రేడియేషన్ టెక్నీషియన్‌ను పిలిపించారు. బయటి నుంచి పెట్టే ఈ కిరణాలు మిషన్ ఆపగానే ఆగిపోతాయని, ఒంట్లో ఏమీ మిగలదని, పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చని ఆయన నోటితోనే చెప్పించారు. "ఒట్టేనా బిడ్డా?" అని అమ్మ రెండుసార్లు అడిగిందట. మర్నాడు నాకంటే ముందే తయారై కూర్చుంది.

ఇక కాగితాల సంగతి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారని అందరికీ తెలుసు. రేషన్ కార్డులో వయసు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఆ లక్షలు ఎంత దూరంలో ఉంటాయో తిరిగినవాళ్లకే తెలుసు. మేడమ్ ఆరోగ్యమిత్ర కౌంటర్ దాకా మాతో వచ్చి, ఏ కాగితం తెస్తే పని అవుతుందో ఒకేసారి చెప్పించారు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తి రాయితీ అని, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గుతుందని, దానికి ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలని కూడా ఆవిడే చెప్పారు.

వార్డులో చాలామంది ఆవిడను ఏదో సేవాసంస్థ మనిషి అనుకుంటారు. నిజానికి అది చదువుకుని చేసే ఉద్యోగం. మన దేశంలో 1946లోనే ముంబై జేజే ఆసుపత్రిలో మొదలైందట. మీవాళ్లెవరైనా పెద్దాసుపత్రిలో ఉంటే, సోషల్ వర్కర్ గది ఎక్కడని మొదటిరోజే అడగండి.

మేడమ్, వచ్చే నెల చెకప్‌కు వచ్చేటప్పుడు అమ్మ సకినాలు తెస్తానంటోంది. రూల్స్ ఒప్పుకోవని నాతో చెప్పకండి, నా మాట అసలే వినదు.