పొగమంచును తుడిచెయ్యం: ప్రకృతి ఫొటోల ప్రింట్ల గురించి మా స్టూడియో మాట

రాజమహేంద్రవరంలోని మా స్టూడియోకు ఫొటోలు తెచ్చే మీ అందరికీ నమస్కారం.

పెళ్లి ఆల్బంలతో నడిచే దుకాణం మాది. ముఖాల రంగు సరిచేయడం మాకు బాగా అలవాటైన పని. ఈమధ్య మీలో చాలామంది పాపికొండలు, లంబసింగి, గండికోట వెళ్లి సొంతంగా తీసిన ఫొటోలను గోడకు పెట్టుకోవాలని తెస్తున్నారు. వాటికి వేరే నేర్పు కావాలి. అందుకే నేనూ, మా కుర్రవాళ్లూ ఒకే ఫొటోను లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ అనే మూడు ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లలోనూ చేసి, మూడింటి ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.

ముందు లంబసింగి సంగతి. మంచులో తీసిన ఫొటో తెరవగానే చెయ్యి మంచు తెరను తగ్గించే ‘డీహేజ్’ మీదికి పోతుంది. కొద్దిగా జరిపితే దూరపు కొండ తేలి, బాగానే ఉంటుంది. ఇంకాస్త జరిపితే నీడలు నీలంగా మారతాయి, కొండ అంచున తెల్లటి గీత పడుతుంది, ఆకాశమంతా గింజలు లేస్తాయి. అయినా, చలిలో తెల్లవారకముందే లేచి మీరు అక్కడికి వెళ్లింది ఆ మంచు కోసమే కదా! దాన్ని తుడిచేసి మీ చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. దగ్గరి చెట్లకు మాత్రం కాస్త కాంట్రాస్ట్ పెంచి, వెనకాల కొండలను అలాగే వదిలేస్తున్నాం.

ఇలా ఒక్క భాగాన్నే ఎంచుకోవడం లైట్‌రూమ్‌లో సులువు. ఆకాశాన్ని అదే గుర్తుపడుతుంది. డార్క్‌టేబుల్‌లో మేము మాస్కును, అంటే మార్పు ఎంతవరకో చెప్పే హద్దును, చేత్తో గీస్తున్నాం, లేదా వెలుగునూ రంగునూ బట్టి ఎంచుకుంటున్నాం. నేర్చుకోవడానికి ఓపిక కావాలి గానీ పట్టు దొరికాక ఆ పనితనం నాకు ఎక్కువ నచ్చింది. లైట్‌రూమ్‌కు చందా కట్టాలి, మిగతా రెండూ ఉచితం. ఇంట్లో నేర్చుకుంటామని అడిగేవారికి డార్క్‌టేబుల్‌నే చెబుతున్నాను. అందులో రా ఫైలు, అంటే కెమెరా రంగులు దిద్దకుండా దాచిన ముడి ఫొటో, తెరిస్తే, కెమెరాలో చూసినదానికంటే చప్పగా కనిపిస్తుంది. కంగారు పడకండి, ఫైలు పాడవలేదు. కెమెరా తెర చూపించేది అది తనంతట తాను రంగులు దిద్దిన జేపెగ్‌ను. డార్క్‌టేబుల్ ఆ దిద్దుబాటును మీకే వదిలేస్తుంది.

వీలైతే మాకు రా ఫైలే ఇవ్వండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ముదురు నుంచి లేత దాకా 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384. గోదావరిమీద సూర్యాస్తమయంలో నల్లగా పడిన పడవను పైకి తేవాలంటే ఆ మెట్లే ఆధారం. సూర్యుడి చుట్టూ పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ అసలు రంగును తిరిగి తేలేదు. సాయంత్రపు ఫొటోలు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోండి.

ఆకాశం మార్చమని కొందరు అడుగుతున్నారు. ఫొటోషాప్‌లో 2020 నుంచి ఆ సౌకర్యం ఉంది. గండికోటలో మధ్యాహ్నపు ఆకాశం తీసేసి సంధ్య ఎరుపు పెడితే, పెన్నా లోయ రాళ్ల మీద నీడలు మాత్రం నడినెత్తి ఎండవే ఉంటాయి. ఆ పని మేము చేయం. ఈ మాటకు ఒకటి రెండు ఆర్డర్లు పోయినా సరే.

కోనసీమ పచ్చదనం ఇంకా మాకు పూర్తిగా లొంగలేదు. తెరమీద నిండుగా కనిపించే వరిచేను కాగితం మీద ఒక్కోసారి పసుపుకు తిరుగుతోంది. తెర తనే వెలుగిస్తుంది, కాగితం తనమీద పడిన వెలుగునే తిప్పి ఇస్తుంది. ఆ తేడా ప్రింటు తీస్తేనే తెలుస్తోంది. కాబట్టి ఇకపై ప్రకృతి ఫొటో ఏదైనా ముందు 4×6 నమూనా తీసి మీకు చూపిస్తాం. దానికి డబ్బు తీసుకోం. మీరు సరేనన్నాకే పెద్దది.

12×18 అంగుళాల ప్రింటు నిండుగా రావాలంటే 3600×5400 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్ తీసుకురండి. పెళ్లిళ్ల రోజుల్లో ఈ పని కాస్త ఆలస్యమవుతుంది. తొందరగా కావాలంటే ముందే చెప్పండి.