సభ్యులకు వార్షిక నివేదిక: ముందు రిపేరు, ఆ తర్వాతే అప్‌గ్రేడ్

మన మౌంటెన్ సైక్లింగ్ బృందం గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి అడిగిన ప్రశ్న మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "కొత్తగా చేరినవాళ్లు మూడు నాలుగు రైడ్లకే కనిపించకుండా పోతున్నారు. ఎందుకో ఎవరైనా కనుక్కున్నారా?" అన్నారామె. ఆ తర్వాత కార్యవర్గం కనుక్కుంది. మానేసినవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాం. ఓపిక చాలలేదనో, గుట్ట దిగాలంటే భయమేసిందనో చెబుతారనుకున్నాం. ఎక్కువమంది సైకిల్ గురించే చెప్పారు. ఎక్కుడులో గేరు జారిపోతోందని, దిగుడులో బ్రేక్ పట్టడం లేదని, గంట తిరిగేసరికి నడుం పట్టేస్తోందని. అవన్నీ బాగయ్యేవే. ఎవరూ బాగుచేసి ఇవ్వలేదు, ఎలా చేసుకోవాలో మనమూ చూపించలేదు. అందుకే ఈ ఏడాది దూరపు రైడ్లు తగ్గించి రిపేరు రోజులు పెట్టాం. ఈ నిర్ణయం కొందరికి నచ్చలేదు. వాళ్ల అసంతృప్తి అర్థం చేసుకోదగ్గదే. అయినా ఇది సరైన నిర్ణయమేనని ఏడాది చివర్లో మరింత గట్టిగా చెప్పగలను.

రిపేరు రోజులు

నెలకొక ఆదివారం ఉదయం స్టాండ్లు వేసి, ఎవరి సైకిల్ వాళ్లే విప్పి చూసుకునేలా ఏర్పాటు చేశాం. తెలిసినవాళ్లు పక్కన నిలబడి చెప్పాలే తప్ప పానా చేతిలోకి తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం వల్ల పని నెమ్మదిగా సాగింది, కానీ నేర్చుకున్నది చేతికి నిలిచింది.

మొదటి నెలలోనే ఒక తమ్ముడు వెనక డిరైలర్ (గొలుసును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) పాడైపోయిందని, కొత్తది ఆర్డర్ పెట్టేస్తానని వచ్చాడు. గేర్లు వాటంతటవే మారుతున్నాయి, పెద్ద పళ్లచక్రం మీదికి వేస్తే చువ్వలకు తగిలేలా శబ్దం వస్తోంది. కేబుల్ బిగించాడు, స్క్రూలు తిప్పాడు, లాభం లేకపోయింది. సైకిల్‌ని స్టాండుకు ఎత్తి, వెనక్కి వెళ్లి కంటి ఎత్తులో చూడమన్నాం. డిరైలర్‌లో ఒకదాని కింద ఒకటి ఉండే రెండు చిన్న పళ్లచక్రాలు పైనున్న క్యాసెట్ (వెనక చక్రం పళ్లచక్రాల దొంతర) పళ్లకు ఒకే వరసలో లేవు. కిందిది చువ్వల వైపు వాలి ఉంది. ఎప్పుడో సైకిల్ కుడివైపు పడింది, అంతే. డిరైలర్‌కు ఏమీ కాలేదు, దాన్ని ఫ్రేమ్‌కు వేలాడదీసే చిన్న ముక్క, హ్యాంగర్, వంగింది. హ్యాంగర్‌ని మెత్తటి అల్యూమినియంతో చేసేదే అందుకు: దెబ్బ తగిలితే అది వంగాలి, ఫ్రేమ్ పగలకూడదు. గేజ్ పెట్టి సరిచేశాక ఆ పాత డిరైలరే చక్కగా పనిచేసింది. 2019లో సైకిల్ భాగాల కంపెనీ స్రామ్ తెచ్చిన యూడీహెచ్ అనే ఉమ్మడి హ్యాంగర్ ఇప్పుడు చాలా కంపెనీల ఫ్రేములకు సరిపోతుంది. అంతకు ముందు సైకిళ్లకు మోడల్‌ని బట్టి ఒక్కో ఆకారం. కాబట్టి మీ ఫ్రేమ్‌కు సరిపడే హ్యాంగర్ ఒకటి ఇప్పుడే తెప్పించి బ్యాగులో పెట్టుకోండి. గుట్ట మీద విరిగినప్పుడు వెతికితే దొరకదు.

ఎక్కువగా తేలిన సమస్య మాత్రం గొలుసు. కొత్త గొలుసులో ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకు సరిగ్గా అర అంగుళం ఉంటుంది. అంటే 24 పిచ్‌లకు (పిన్ను నుంచి పిన్నుకు దూరాలకు) 12 అంగుళాలు. స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. 12 అంగుళాల గుర్తు దగ్గరున్న పిన్ను ఆ గుర్తును అంగుళంలో పదహారో వంతు దాటిందంటే గొలుసు మార్చాల్సిందే. ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా అరిగిపోయినట్టే. 11, 12 గేర్ల గొలుసులు సన్నగా ఉంటాయి కనుక వాటిని అంతదాకా రానివ్వకూడదు. గొలుసు సాగిందంటాం గానీ నిజానికి లోహం సాగదు. ఇసుక, దుమ్ము లోపలికి చేరి పిన్నుల దగ్గర అరిగిపోతుంది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. రెండేళ్లు గొలుసు కొలవకుండా తిరిగి, చివరికి కొత్త గొలుసు మాత్రమే వేశాను, పాత క్యాసెట్ ఉంచేశాను. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు కూర్చోలేదు. ఎక్కుడులో నిలబడి పెడల్ తొక్కగానే గొలుసు జారింది, మోకాలు నేరుగా హ్యాండిల్‌కు తగిలింది. మూడు వారాలు మెట్లెక్కలేకపోయాను. సమయానికి గొలుసు మార్చి ఉంటే క్యాసెట్ మిగిలేది, మోకాలూ బాగుండేది. ఇప్పుడు స్కేలు నా బ్యాగులోనే ఉంటుంది.

బ్రేకుల విషయంలో ఒకే తప్పు చాలామంది దగ్గర చూశాం. గొలుసుకు స్ప్రే నూనె కొడుతున్నప్పుడు తుంపర్లు వెనక డిస్క్ మీద పడతాయి. మర్నాడు బ్రేక్ కీచుమంటుంది, పట్టదు. ప్యాడ్లు నూనె పీల్చుకున్నాక వాటిని మళ్లీ బాగుచేయడం దాదాపు అసాధ్యం, మార్చేయడమే మంచిది. గొలుసుకు నూనె స్ప్రేతో కాకుండా ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, ఐదు నిమిషాలాగి పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, బయట ఉంటే దుమ్మును పట్టుకుంటుంది. కొత్త ప్యాడ్లు వేశాక ఒక మోస్తరు వేగంలో వెళ్తూ, చక్రం పూర్తిగా ఆగకుండా నడక వేగానికి తగ్గించడం ఇరవైసార్లయినా చేయాలి. అప్పుడే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద సమంగా అంటుకుని బ్రేక్ పట్టు వస్తుంది. హైడ్రాలిక్ ద్రవం మార్చేవాళ్లకు ఒక గట్టి మాట. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, కొన్ని ఇతర కంపెనీలవాటిలో కార్ల బ్రేకుల్లో వాడే డాట్ ద్రవం. ఒకదాంట్లో ఇంకొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. లివర్ మీద ఏం రాసి ఉందో చదివాకే సీసా మూత తీయండి.

రిపేరు అంటే రైడింగ్ కాదు, అది వేరే పని అన్న సభ్యులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. ఈ ఆటలో అందరికీ తెలిసిన తొలి రేసు కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1976 అక్టోబరు 21న జరిగింది. పాత బరువైన సైకిళ్ల మీద మట్టిదారిలో కిందికి దూసుకెళ్లేవాళ్లు. వెనక్కి తొక్కితే పట్టే హబ్ (చక్రం నడిమి భాగం) బ్రేకులు వేడెక్కి, లోపలి గ్రీజు పొగలా మాడిపోయేది. కిందికి చేరాక హబ్ విప్పి మళ్లీ గ్రీజు నింపాలి, అంటే రీప్యాక్ చేయాలి. ఆ రేసుకు రీప్యాక్ అనే పేరే వచ్చింది. ఆ దారిలో తిరిగిన జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటివాళ్లే తర్వాత తొలి మౌంటెన్ సైకిళ్లు తయారుచేశారు, అమ్మారు. చేతులకు గ్రీజు అంటించుకున్నవాళ్లే ఈ ఆటను నిలబెట్టారు.

కొత్తవారికి సైకిల్ ఎంపిక

ఈ ఏడాది మమ్మల్ని ఎక్కువగా అడిగింది ఇదే. కార్యవర్గం తరఫున అందరికీ ఒకే సలహా ఇచ్చాం: మొదటి సైకిల్ ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ అయితే చాలు. తక్కువ ధరకు ముందూ వెనకా షాక్‌లు పెట్టి అమ్మే సైకిల్ బరువెక్కువ, వెనక కీళ్ల దగ్గర త్వరగా లూజు అవుతుంది, బేరింగులు మార్చడం కొత్తవాళ్ల పని కాదు. అదే ధరకు వచ్చే హార్డ్‌టెయిల్‌లో బ్రేకులు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మెరుగ్గా ఉంటాయి.

సైజు తప్పుగా ఉంటే మిగతావేవీ సరిచేసి లాభం లేదు. కొనేముందు పెడళ్ల మీద నిలబడి, మోచేతులు కాస్త వంచి, దిగుడులో ఉన్నట్టు ఊహించుకోండి. హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగాల్సి వస్తే ఫ్రేమ్ పెద్దది. మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేలా ఉంటే చిన్నది. సీటు ఎత్తు మార్చి దీన్ని సరిదిద్దలేం.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు రంగు, స్టిక్కర్లు చూడకండి. హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందున్న పొట్టి గొట్టం) కింద, పెడళ్లు తగిలించే క్రాంక్ దగ్గర ఫ్రేమ్ అతుకుల మీద సన్నటి చీలికల కోసం వేలితో తడిమి చూడండి. ఫోర్కులో మెరిసే గొట్టాల మీద గోరు ఆగేంత గీత ఉంటే నూనె కారుతుంది. ముందు బ్రేక్ నొక్కి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లూజు. చక్రం సైజు కూడా అడగండి. 26 అంగుళాల రిమ్ము 559 మిల్లీమీటర్లు, 27.5 అంగుళాలది 584, 29 అంగుళాలది 622. పాత 26 సైకిల్ చెడ్డదేమీ కాదు, కానీ కొత్త టైర్లు, ఫోర్కులు ఎక్కువగా పెద్ద సైజుల్లోనే వస్తున్నాయి.

అప్‌గ్రేడ్ల గురించి కార్యవర్గం అభిప్రాయం

డబ్బు పెట్టే ముందు గాలి తగ్గించి చూడండి. చాలామంది టైరు రాయిలా గట్టిగా ఉండేదాకా గాలి కొట్టి, సైకిల్ ఎగిరెగిరి పడుతోందని ఫోర్కు మార్చాలనుకుంటున్నారు. ట్యూబ్ ఉన్న టైరులో మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకుని ట్యూబ్‌కు రెండు చిల్లులు పడతాయి. అందుకే ఏదైనా ఒక్కటే మార్చగలిగితే ట్యూబ్‌లెస్ చేయించుకోమంటాను. గాలి ఒత్తిడి ఇరవైల్లో పీఎస్‌ఐ పెట్టుకుని తిరగవచ్చు, టైరు రాళ్ల మీద వంగి పట్టు ఇస్తుంది. చిల్లులు పూడ్చేందుకు లోపల పోసే సీలెంట్ మాత్రం కొన్ని నెలల్లో ఆరిపోతుంది, మళ్లీ పోయాలి.

ఇంకో ఉచిత అప్‌గ్రేడ్ సస్పెన్షన్ సెట్టింగు. బ్యాగు, హెల్మెట్‌తో సహా సైకిలెక్కి నిలబడితే ఫోర్కు తాను కుంగగలిగే మొత్తం దూరంలో సుమారు ఐదో వంతు కుంగాలి. 100 మిల్లీమీటర్ల ఫోర్కయితే 20 మిల్లీమీటర్లు. వెనక షాక్‌కు 25 నుంచి 30 శాతం. ఫోర్కు గొట్టం మీది రబ్బరు రింగును కిందికి జరిపి, ఎక్కి, మెల్లగా దిగి కొలవడమే. మొదటిసారి కొలిపించినప్పుడు ఒక సభ్యురాలి ఫోర్కు అస్సలు కుంగలేదు. ముందు యజమాని బరువుకు తగ్గ గాలే అందులో ఉంది. కొంచెం కొంచెంగా గాలి వదిలి సరిచేశాక ఆమె అన్న మాట, "ఇన్నాళ్లూ నాకే చేతకాదనుకున్నాను." ఆ మాట నన్ను కలవరపెట్టింది. ఇలా అనుకుని మానేసినవాళ్లు ఎంతమందో.

భాగాలు కొనేముందు ఏది దేనికి సరిపోతుందో తప్పకుండా అడగండి. అతిచిన్న చక్రానికి 10 పళ్లున్న క్యాసెట్ పాత ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ తొడిగే భాగం) మీద కూర్చోదు, అక్కడ 11 పళ్లే కనిష్ఠం. 2012లో స్రామ్ ముందు ఒకే పళ్లచక్రం, వెనక 11 గేర్ల సెట్ తెచ్చినప్పుడు దానికి వేరే రకం ఫ్రీహబ్ కూడా తేవాల్సి వచ్చింది. సీటు కిందికీ పైకీ జరిపే డ్రాపర్ పోస్టులోనూ అంతే. వ్యాసం 30.9కీ 31.6కీ తేడా 0.7 మిల్లీమీటర్లే, కానీ పెద్దది చిన్న ఫ్రేములో దిగదు, చిన్నది పెద్దదాంట్లో నిలవదు. వెనక ఇరుసుల్లో 135, 142, 148 మిల్లీమీటర్లని మూడు కొలతలు మన సభ్యుల దగ్గరే ఉన్నాయి. కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

ట్రైల్ పనులు

వానాకాలంలో దారి మూసేయాలన్న నిర్ణయం మీద గొడవ జరిగింది. తడి మట్టిలో టైరు చేసిన గాడి ఎండాక గట్టిపడుతుంది, మళ్లీ వాన పడితే నీళ్లు ఆ గాడిలోనే పరిగెత్తి దారిని కోసేస్తాయి. ఈసారి పాత దిగుడు ముక్కను వదిలేసి పక్కకు తిప్పాం. ట్రైలు వాలు, అది వెళ్లే కొండ వాలులో సగం మించకూడదని దారులు వేసేవాళ్లు పాటించే సూత్రం. సగటున పది శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. పాతది కొండ వాలుకు నేరుగా ఉండేది, ప్రతి వానకూ వాగైపోయేది. కొత్త ముక్కలో బయటి అంచును కొద్దిగా కిందికి వాల్చాం, మధ్యమధ్య దారిని చిన్నగా పైకి లేపాం. నీళ్లు పక్కకు జారిపోతున్నాయి. పారలు పట్టినవాళ్లందరికీ కృతజ్ఞతలు.

శిక్షణ, జమాఖర్చులు

కొత్తవారి శిక్షణ మూడు విడతలు జరిగింది. నిలబడే భంగిమ, పెడళ్లు సమంగా ఉంచడం, చూపు చక్రం ముందు కాకుండా దూరంగా పెట్టడం, ముందు బ్రేకును ఒక వేలితో మెల్లగా వాడటం వరకే చెప్పాం. దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నట్టే కనిపించినా మార్చేయాలని మరోసారి మనవి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అందులో పెద్ద ఖర్చు పనిముట్లదే: చక్రాలు సరిచేసే స్టాండు, హ్యాంగర్ గేజ్, ఎంత బలంగా బిగించామో చూపే టార్క్ పానా, బ్రేక్ ద్రవం మార్చే కిట్. హ్యాండిల్ బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్లే చాలు. చేతి అంచనాతో బిగించి మరలు తెంపిన ఫ్రేములు రెండు మన కళ్లముందే ఉన్నాయి కాబట్టి టార్క్ పానా ఖర్చు మీద అభ్యంతరం ఉండదనుకుంటాను.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదనలు రెండే. కొత్తవాళ్లకు మొదటి మూడు రైడ్లు అరువిచ్చేందుకు సభ్యులు వాడని సైకిళ్లు, భాగాలు సేకరించి బాగుచేయడం ఒకటి. 50 గంటల రైడింగ్‌కు ఒకసారి ఫోర్కు కింది భాగం విప్పి నూనె మార్చడం నేర్పే తరగతి మరొకటి. రెండింటి మీదా సమావేశంలో చర్చించి ఓటు వేద్దాం. ఆ రోజు గంట ముందే, సైకిల్‌తో రండి. గుమ్మం దగ్గర స్కేలు పట్టుకుని గొలుసులు కొలవడానికి ఇద్దరం ఉంటాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి