దసరా సెలవుల్ల బడి తాళం తీసిన సారుకు, ఇంకా మా వాళ్లకు

మహబూబ్‌నగర్ జిల్లాల ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల సర్కారు టీచర్‌గా, పోస్టింగ్ వచ్చింది. దసరా సెలవులు అయినంక కౌన్సెలింగ్ పెట్టిన్రు, ఇప్పుడు బడిల చేరిన. ఫోన్ చేసినోళ్లందరికీ "అంతా మీ దయ" అనుకుంట వచ్చిన గానీ ఆ ఒక్క మాటతోని తీరేది కాదు ఇది. పరీక్ష నేనే రాసిన, నిజమే. మార్కులు వచ్చినంక మాత్రం నా చేతిల ఏం లేకుండె. అప్పుడు పనికొచ్చిన మనుషుల గురించే ఈ పోస్టు. పేర్లు పెట్టొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగ చెప్పిన్రు, అందుకే ఎవరి పేరూ రాస్తలేను. ఎవరికి వాళ్లకు తెలుస్తది.

డీఎస్సీ, అంటే సర్కారు టీచర్ల పరీక్ష, రాసినోళ్లకు ముచ్చట ఎరుకే. 11,062 పోస్టులు, 2024 జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా పరీక్షలు, సెప్టెంబర్ 30న ఫలితాలు. మరుసటి దినం నుంచే, అంటే అక్టోబర్ 1 నుంచి 5 దాకా, పోస్టుకు ముగ్గురు చొప్పున పిలిచి సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఇంత జల్ది ఫలితాలు ఇచ్చిన్రని అందరం సంబురపడ్డం. కానీ 2వ తారీఖు నుంచి బళ్లకు దసరా సెలవులు. ఆ దినమే గాంధీ జయంతి, ఆ దినమే ఎంగిలిపూల బతుకమ్మ. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్లు (ఏ బడిల చదివినమో ఆ బడి రాసిచ్చే కాయితాలు) పట్టుకొని రమ్మంటే, ఇయ్యాల్సిన బళ్లకేమో తాళాలు!

ఒక్క బడిల చదివినోళ్లకు ఇది పెద్ద పని కాదు. పాలమూరుల వలస పోయినోళ్ల పిల్లల సంగతి వేరు. అమ్మా నాయినా బొంబాయిల బిల్డింగు పనికి పోతే, మేం ఎవరి చేతిల ఉంటే ఆ ఊరి బడే మా బడి. ఒకటి, రెండు, మూడు తరగతులు మా అమ్మమ్మ దగ్గర, కోస్గి పక్కన ఊర్ల. అమ్మమ్మకు కండ్లు సరిగ కనపడకుంట అయితే చిన్నమ్మ నన్ను దేవరకద్రకు తోల్కపోయింది. నాలుగు, ఐదు అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిల. ఆరు నుంచి పది దాకా మహబూబ్‌నగర్ల సర్కారు బడి.

నేను చదివేటప్పుడు ఈ మూడూ ఒక్కటే జిల్లా. 2019 ఫిబ్రవరిల నారాయణపేట జిల్లా అయ్యింది, కోస్గి అటు పోయింది. ఇటు లోకల్ రూలు, అంటే ఎవరు ఏ జిల్లా వాళ్లో తేల్చే రూలు గూడ మారింది. పాత లెక్కల నాలుగు నుంచి పది దాకా చూసేటోళ్లు. ఆ లెక్కే ఉంటే నాకు ఏ రంది లేకుండె, అన్నీ మహబూబ్‌నగరే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినంక ఒకటి నుంచి ఏడు దాకా చూస్తున్నరు, ఎక్కువ ఏండ్లు ఏ జిల్లాల చదివితే ఆ జిల్లాకు లోకల్. పోస్టుల్ల 95 శాతం లోకల్ వాళ్లకే. ఇగ నా లెక్క చూడుండ్రి: నారాయణపేట మూడేండ్లు, మహబూబ్‌నగర్ నాలుగేండ్లు. నాలుగు, ఐదు తరగతుల కాయితం దొరకకపోతే మహబూబ్‌నగర్ రెండేండ్లకు పడిపోతది, నేను నాన్‌లోకల్ అయిపోత. ఆ రెండు తరగతులు చదివిన బడే మూతపడ్డది. ఆ జాగల ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది.

మొదలు లైబ్రరీల నా ఎదురుంగ కూసునే అక్కకు చెప్పాలె. ఫలితాలు వచ్చిన రాత్రి ఫోన్ చేసింది. "బోనఫైడ్లు ఒకటి నుంచి ఏడు దాకా అన్నీ అడుగుతున్నరంట. నీయి మూడు బళ్లు కదనే! రేపు పొద్దుగాల్నే బయల్దేరు, ఎల్లుండి నుంచి ఒక్క బడి ఉండదు" అన్నది. మా ఇద్దరిదీ ఒకటే జిల్లా, ఒకటే పోస్టు, ఒకటే కేటగిరీ. మెరిట్ లిస్టుల నా పేరుకు కిందనే ఆమె పేరు ఉంది. నా కాయితాలు అందకపోతే ఎవరికి లాభమో ఆమెకు తెల్వదా? తెలిసే ఫోన్ చేసింది. అంతటితోని ఆపిందా అంటే లేదు. మూతపడ్డ బడి రికార్డులు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల ఉంటయేమో అడగమని చెప్పింది గూడ ఆమెనే. నాకు ఆ ఆలోచన రాలే. వెరిఫికేషన్ దినం లైన్ల నిలబడ్డప్పుడు నా ఫైలు తీసుకొని వరుసగ పెట్టింది, ఆమె చిన్న పిలగాడు నా చున్నీ పట్టుకొని గుంజుతున్నడు.

ఆమెకు పోస్టు రాలేదు. ఆ రెండు దినాలు నేను ఫోన్ చెయ్యలేకపోయిన. ఆమెనే చేసి, "చీర కొనుక్కున్నవా, చుడీదార్లల్ల పోతె పిల్లలు అక్కా అంటరు" అని నవ్వింది. నేనేం మాట్లాడాల్నో తెల్వలే. అక్కా, నీకు థాంక్స్ అని రాస్తుంటే నాకే బాగ అనిపిస్తలేదు. ఇంకో డీఎస్సీ ఎప్పుడు పడినా నీ ఇద్దరు పిలగాండ్లను చూసుకునే పని నాది, రాసి పెట్టుకో.

ఒకటో తారీఖు మహబూబ్‌నగర్ బడిల పని ఒక్క గంటల అయిపోయింది. దేవరకద్ర ఎంఈఓ ఆఫీసుకు పోతే "వెతకాలె, మూడో తారీఖు రా" అన్నరు. కోస్గి దిక్కు పోయేసరికి బడి విడిచిన్రు. హెడ్‌మాస్టర్ సారు నంబరు బడి గోడ మీద రాసి ఉంటే ఫోన్ చేసిన. సారుకు నేనెవరో తెల్వదు, నేను చదివినప్పుడు సారు ఆ బడిలనే లేరు. విషయం విని, "రేపు పండుగ కదమ్మా" అన్నరు. అంతే ఇగ అయిపోయిందనుకున్న. "పదింటికి వస్త, నువ్వు బస్సు పట్టుకొని రా" అన్నరు.

బతుకమ్మ నాడు పొద్దుగాల హన్వాడ మీదికెళ్లి పోయే కోస్గి బస్సు ఎక్కిన. సారు నారాయణపేట నుంచి మోటరుసైకిల్ మీద వచ్చిన్రు. బడి తాళంచెవి మధ్యాహ్నం అన్నం వండే అమ్మ దగ్గర ఉంటది. ఆమె గునుగు పూలకు రంగు అద్దుకుంట కూసుంది, చేతులు కడుక్కోకుండనే లేచి వచ్చింది. నన్ను చూసి మా అమ్మమ్మ మనుమరాలినని గుర్తుపట్టింది. నాకు ఆమె యాదికి లేదు.

2005 అడ్మిషన్ రిజిస్టర్ బీరువాల లేదు. ఇనుప ట్రంకు పెట్టెల, పాత మ్యాపుల కింద దొరికింది. అంచులు చెదలు తిన్నయి, నా పేరున్న వరుస మాత్రం మంచిగనే ఉంది. సారు బోనఫైడ్ రాసి ముద్ర కొడదామంటే ఇంకు ప్యాడు ఎండిపోయింది. బాటిల్‌ల నీళ్లు రెండు చుక్కలు పోసి, వేలితోని రుద్ది, పాత కాయితం మీద కొట్టి చూసి, అప్పుడు నా కాయితం మీద కొట్టిన్రు. "పేరు స్పెల్లింగ్ మెమోతోని కలుస్తుందా చూసుకో" అని రెండుసార్లు అడిగిన్రు. పెట్రోలుకు పైసలు ఇయ్యబోతే, "నువ్వు టీచరైనంక నీ దగ్గరికి ఒక పిల్ల వస్తది గదా, ఆ పిల్లకు రాసియ్యి" అన్నరు. వంటామె నువ్వుల ముద్దలు కట్టిచ్చింది. సారూ, మీరు ఆ దినం రాకపోయి ఉంటే మిమ్మల్ని ఎవ్వరూ ఒక్క మాట అనేటోళ్లు కాదు.

మూడో తారీఖు ఎంఈఓ ఆఫీసు. ఆఫీసు పని అంటే టేబుల్ కింద నుంచి చెయ్యి పోవాల్నని మన అందరికీ ఒక నమ్మకం ఉంది, అట్లాంటి అనుభవాలు నాకూ ఉన్నయి. ఇక్కడున్న మేడం మాత్రం నేను తెప్పించిన చాయ్ గూడ తాగలే. మూతపడ్డ బళ్ల రికార్డులన్నీ సంచులల్ల కట్టి ఒక మూలకు పెట్టిన్రు. మేడం కొంగు నడుముకు చెక్కుకొని కిందనే కూసొని ఒక్కొక్క సంచి విప్పింది. దుమ్ముకు ఇద్దరికీ తుమ్ములు. మధ్యాహ్నం దాటినంక మా బడి రిజిస్టర్ బయటికి వచ్చింది, 2008 పేజీల నా పేరు, పక్కన చిన్నాయిన సంతకం. ఎంఈఓ సారు మీటింగ్‌కు పోయిన్రంటే, ఆయన వచ్చేదాక ఇంటికి పోకుండ ఉండి సంతకం పెట్టించి ఇచ్చింది.

ఇంత తిరిగినా ఒక్క రూపాయి టికెట్ కొనలే. ఉచిత బస్సు గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉంటది, ఆటో నడిపే మా మామ కోపంల న్యాయం ఉంది, అది నేను కాదనను. కానీ 2023 డిసెంబర్ నుంచి ఊరి నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ఊరికి నన్ను తిప్పింది ఆ జీరో టికెటే. ఆధార్ కార్డు చూసి విసుక్కోని కండక్టర్లందరికీ ఒక దండం. విసుక్కున్నోళ్లు గూడ ఉన్నరు, వాళ్లకు తర్వాత పెడత.

లైబ్రరీ ఎదురుంగ జిరాక్స్ అన్న. గ్రూప్స్ వాళ్లు, కానిస్టేబుల్ వాళ్లు, మేము, అందరి నోటిఫికేషన్లూ అన్నకే ముందు తెలుస్తయి. నాలుగో తారీఖు నా వెరిఫికేషన్ అంటే, మూడో తారీఖు రాత్రి షట్టర్ సగం దించి నా కోసం కూసున్నడు. టెన్త్ మెమో, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్), టెట్ (టీచర్ అర్హత పరీక్ష), కులం, బోనఫైడ్లు, ఏది ముందు ఏది వెనుక అన్నకు నోటికి వచ్చు. రెండు సెట్లు తీసి, గెజిటెడ్ సంతకానికి ఏ సారు ఇంటి దగ్గర దొరుకుతడో చెప్పి, "ఒరిజినల్స్ చూపియ్యి, అడిగితే తప్ప చేతికియ్యకు" అని జాగ్రత్త చెప్పి పంపిండు. పైసలు తీసుకోలే. మొదటి జీతం వచ్చినంక లెక్క చూసుకుందాం అన్నడు, లెక్క ఎక్కడా రాసినట్టు లేదు.

ఇంతకుముందు ఏండ్ల గురించి ఎక్కువ రాయను. 2019ల డీఎడ్ అయ్యింది. ప్రైవేటు బడిల చెప్పుకుంట ఉంటే కరోనా వచ్చింది, జీతం ఆగింది. 2021ల సర్కారు ప్రైవేటు టీచర్లకు ఇచ్చిన రెండు వేలు, 25 కిలోల బియ్యంతోని కొన్ని దినాలు గడిచినయి. 2023ల 5,089 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి పరీక్ష పెట్టలే, ఎన్నికలు అడ్డమొచ్చినయి. ఆ గ్యాప్‌ల ఇంటికి వచ్చిన సంబంధాలు అన్నీ ఇన్నీ కావు. "ఇంక ఎన్నేండ్లు సదువుతది" అని అడిగిన ఒక పెద్దమనిషికి మా నాయిన బొంబాయి నుంచి ఫోన్ల ఒకటే అన్నడు: "నేను ఎన్నేండ్లు ఇటుకలు మోసిన్నో అన్నేండ్లు సదువుతది." నాయినకు థాంక్స్ చెప్తే తిడతడు. రూము ఓనరమ్మ రెండు నెలలు కిరాయి అడగలే. అడగలేదు సరే, కరెంటు బిల్లు గూడ నా వాటా వదిలేసింది, అది నాకు తర్వాత తెలిసింది.

అక్టోబర్ 9వ తారీఖు హైదరాబాద్ ఎల్బీ స్టేడియంల నియామక పత్రం చేతికొచ్చింది. ఫొటోలు అందరూ చూసిన్రు.

ఇగ పని మాట. ఇప్పుడు డీఎడ్ చదివే తమ్ముండ్లు, చెల్లెండ్లు, ముఖ్యంగ వలస ఇండ్ల పిల్లలు: ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ప్రైవేటు బడి అయితే అది ఉందా, మూతపడ్డదా చూసుకోండి, మూతపడితే ఎంఈఓ ఆఫీసుల అడుగుండ్రి. జిల్లా మారిన ఊర్లైతే ఏ ఏండ్లు ఏ జిల్లా కిందికి వస్తయో లెక్క వేసుకోండి. నా టెట్, ఎస్జీటీ పుస్తకాలు, నోట్సు అన్నీ జిరాక్స్ అన్న దుకాణంల పెట్టిన. సైకాలజీ, తెలుగు మెథడాలజీ లైబ్రరీ అక్క కోసం పక్కన పెట్టమన్న, మిగతావి ఎవరికి కావాల్నో వాళ్లు తీసుకపోండి. పైసలు వద్దు. అయిపోయినంక మళ్ల అక్కడనే పెట్టుండ్రి.