మత్తు డాక్టరు గారికి, రాత్రంతా నా ఊపిరి లెక్కపెట్టిన సిస్టర్‌కు

నిన్న ఇంట్లో పురిటిస్నానం అయింది. పాప ఇప్పుడే నిద్రపోయింది, ఎంతసేపో తెలియదు కాబట్టి అసలు విషయానికి వస్తాను. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఆపరేషన్ చేసిందెవరని అడిగారు. మత్తు ఇచ్చిందెవరని ఒక్కరూ అడగలేదు. ఈ కృతజ్ఞతలు ముందుగా ఆమెకే. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

అయిదేళ్ల క్రితం మా బాబు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో పుట్టాడు. అప్పుడూ సిజేరియనే. నడుముకు సూది వేసిన రెండో రోజు నుంచి లేచి కూర్చుంటే తల పగిలిపోయేది, పడుకుంటే తగ్గేది. వారం రోజులు బిడ్డను పడుకునే చూసుకున్నాను. కారణం అడిగితే, దిండు పెట్టుకోవద్దంటే విన్నావా అని తప్పు నా మీదే వేశారు. కుట్ల నొప్పి గురించి చెబితే, కోసిన చోట నొప్పి లేకుండా ఎలా ఉంటుందన్నారు.

అందుకే ఈసారి నడుముకు సూది వద్దు, పూర్తిగా నిద్రపుచ్చండి అని పట్టుబట్టాను. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం డాక్టరు గారు స్టూలు లాక్కుని నా మంచం పక్కన కూర్చున్నారు. నా కథంతా విన్నాకే మాట్లాడారు. పూర్తి మత్తు అవసరమైనవాళ్లకు ఇస్తాం, రక్తం సరిగా గడ్డకట్టనివాళ్లకు, నిమిషాల మీద బిడ్డను తీయాల్సినవాళ్లకు, నీకు ఆ అవసరం లేదన్నారు. నెలలు నిండిన మనిషికి మత్తులో పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువట. గొంతులోకి గొట్టం వేయడమూ మామూలప్పటికంటే కష్టమట. ఆ మందు కొంత బిడ్డకూ చేరుతుంది.

మరి తలనొప్పి? వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు సూదితో పడిన చిల్లులోంచి నీరు కారితే వస్తుందట. దిండుకూ దానికీ సంబంధం లేదు, చదునుగా పడుకున్నా రావాలంటే వస్తుందన్నారు. అయిదేళ్ల నేరం ఒక్క మాటతో దిగిపోయింది! 27 గేజి సన్న సూది, పెన్సిల్ మొనలాంటిది వాడతాను, అది పొరను కోయకుండా ఒత్తిగించి వెళుతుంది, అయినా అసలు రాదని మాట ఇవ్వలేనన్నారు. 1898లో ఈ పద్ధతి మొదలుపెట్టిన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ తన మీదే ప్రయోగం చేయించుకుని ఇదే తలనొప్పితో మంచం పట్టాడని కూడా చెప్పారు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే సరేనన్నాను.

ఉదయం సూదిలో ఏమేం ఉన్నాయో అడిగితే విసుక్కోలేదు. మొద్దుబార్చే మందు బుపివకెయిన్ 2 మిల్లీలీటర్లు. గ్లూకోజు కలిపి బరువు చేసినది, అందుకే బల్ల వాలుతో అది ఎంతవరకు పాకాలో చూసుకోవచ్చు. దానికి తోడు నొప్పి తగ్గించే మందులు, కొద్దిగా ఫెంటానిల్, 100 మైక్రోగ్రాముల మార్ఫిన్. అంటే గ్రాములో పదివేలో వంతు! ఆ చుక్కే ఆ రోజంతా కుట్ల నొప్పిని కాచింది. లాగినట్టు, గుంజినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండదని ముందే చెప్పడంతో ఆ గుంజుడుకు భయపడలేదు. కడుపులో తిప్పుతోందని నేను నోరు తెరిచేలోగానే ఆమె సెలైన్‌లోకి ఏదో ఎక్కించారు. బి.పి. పడితే అలా తిప్పుతుందట, అది పడిపోకుండా ఫినైలెఫ్రిన్ అట. పాత మందు ఎఫిడ్రిన్ మాయ దాటి బిడ్డకు ఎక్కువగా చేరుతుంది కనుక ఇప్పుడు దీనికే మొగ్గు అని తర్వాత చెప్పారు. పాప ఏడుపు నా చెవులతో విన్నాను.

ఇక సిస్టర్ సంగతి. ఆ రాత్రి ముక్కు, మొహం ఒకటే దురద. మార్ఫిన్ వల్లేనని చెప్పి మందు ఇచ్చారు. మార్ఫిన్ వల్ల ఊపిరి మందగించే అవకాశం కొద్దిగా ఉంటుందట, అందుకని గంటకోసారి వచ్చి, గడియారం చూస్తూ నా ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టి రాసుకున్నారు. కళ్లు మూసుకుని పడుకున్న నేను దొంగనిద్రలో అదంతా చూశాను తల్లీ.

మా అత్తయ్య గారు నొప్పి మాత్రలు వేసుకుంటే పాలు పాడవుతాయని, బాలింతకు ఓర్పు ఉండాలని అన్నారు. ఆమె కాన్పుల్లో ఎవరూ ఏ మాత్రా ఇవ్వలేదు పాపం. డాక్టరు గారు ఆవిడనూ కూర్చోబెట్టి చెప్పారు. ఆరు గంటలకోసారి పారాసిటమాల్ గ్రాము చొప్పున, కిడ్నీలు బాగున్నాయి కనుక డైక్లోఫెనాక్ కూడా. రెండూ పాలలోకి చేరేది చాలా తక్కువ. కొడీన్ అనే నొప్పి మందు మాత్రం వద్దు, కొందరు తల్లుల ఒంట్లో అది వేగంగా మార్ఫిన్‌గా మారి పాలలో వచ్చేస్తుంది. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేసుకోవాలి. మర్నాటి నుంచి అత్తయ్య గారే అలారం పెట్టి మాత్ర చేతిలో పెట్టారు. ఆవిడకూ నా నమస్కారం.

తలనొప్పి రాలేదు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే నడిచి వెళ్లి పాపను ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చే రోజు డాక్టరు గారి కోసం అడిగితే, వేరే ఆసుపత్రిలో ఆపరేషన్‌కు వెళ్లారన్నారు. సున్నుండల డబ్బా మీద ఆమె పేరు రాసి, థియేటర్ ఆయమ్మ చేతికి ఇచ్చి వచ్చాం. సగం ఆయమ్మకే అని కూడా చెప్పాం.